ముద్ర చూడని ఆర్డిస్

ఆర్డిస్ పొకోర్నీకి పశువుల మొహాలు తెలుసు. ఇది నేను గొప్పకు చెప్పే మాట కాదు. గొప్పకు చెప్పేవి కూడా ముందు ముందు వస్తాయి, వాటిని మీరే గుర్తుపడతారు. మా ఆస్టర్‌గార్డ్ రాంచ్‌లో ఆవులు ఏడు వందలు. అన్నీ ఎర్రవే, అన్నిటికీ తెల్ల మొహాలే. కొత్తగా వచ్చినవాడికి ఒకే ఆవును ఏడు వందల సార్లు తిప్పి చూపిస్తున్నట్టు ఉంటుంది. ఆర్డిస్‌కు మాత్రం ఆ మంద పెళ్లిపందిట్లో చుట్టాల్లా కనిపిస్తుంది. "అదిగో, ఆ బరువు చెవులది కొండవాలు ఆవు కూతురు. దాని పిన్ని పోయినేడు కవలల్ని ఈనింది. వాళ్ల ఇంట్లో అందరికీ నడక అంతే, పొగరు" అంటుంది గుర్రం దిగకుండానే.

ఒక మార్చి ఉదయం పొగమంచు ఎంత దట్టంగా పట్టిందంటే, నా గుర్రం తల నాకే కనిపించక, దాన్ని మెడ నిమిరి పలకరించబోయి పక్కన పోతున్న ఆర్డిస్ గుర్రం తోక నిమిరాను. ఆ మంచులో ఎక్కడో ఒక ఆవు దగ్గింది. ఆర్డిస్ కళ్లెం లాగి ఆగింది. "అది బూడిద కళ్ల దాని రెండో కూతురు. ఉత్తరం చెరువు దగ్గర తడిగడ్డి మేసొచ్చింది. ఆ గేటు వేయకుండా వదిలేసిన సన్నాసివి నువ్వేనా డ్యూయీ?" అంది. తోక సంగతీ దగ్గు సంగతీ నేను కాస్త పెంచి చెప్పి ఉండొచ్చు. గేటు సంగతి అక్షరాలా నిజం.

డ్యూయీ అంటే నేనే. పదో తరగతి మధ్యలో బడి మానేశాను. బడి వాళ్లు ఇంకోలా చెబుతారు గానీ, ఆ బడిలో నేర్చుకోవలసింది అయిపోయి బయటికి వచ్చానన్నది నా వాదన. అప్పటినుంచి ఇరవై రెండేళ్లుగా నెబ్రాస్కా ఇసుక గుట్టల్లో ఈ రాంచ్‌లోనే ఉన్నాను. నాకు గుర్రం నేర్పింది, తాడు నేర్పింది, నోరు ఎప్పుడు మూసుకోవాలో నేర్పడానికి ప్రయత్నించి వదిలేసింది ఆర్డిసే.

ఆవిడ పందొమ్మిదేళ్ల వయసులో ఇక్కడికి వంటమనిషిగా వచ్చింది. గడ్డి కోతల కాలం, పదిహేనుమంది కోతగాళ్లు. మొదటి రోజు ఆవిడ కాల్చిన బిస్కెట్లు తినబోయి ఒకడు పన్ను పోగొట్టుకున్నాడు. మిగిలినవాటిని గడ్డివాము మీద కప్పిన పట్టా ఎగిరిపోకుండా అంచుల మీద పెట్టారు. ఆ పట్టా ఇప్పటిదాకా ఎగరలేదు. పెద్దాయన ఆస్టర్‌గార్డ్, అంటే ఇప్పటి యజమాని గేల్ వాళ్ల నాన్న, ఆవిడను పిలిచి, "అమ్మాయీ, నీకు వంట కాకుండా ఇంకేమన్నా వచ్చా?" అని అడిగాడట. "పశువులొచ్చు" అందట ఆవిడ. ఆ వారం దాటకుండా వంటకు ఇంకొకామె వచ్చింది, ఆర్డిస్ జీను మీదికి వెళ్లింది. నలభై ఒక్క ఏళ్లయింది, ఇంకా దిగలేదు.

మధ్యలో ఒకసారి పెళ్లి చేసుకోవడానికి దిగింది. ఫ్లాయిడ్ గాలిమరలు బాగుచేసేవాడు. ఇరవై ఆరేళ్లు ఇద్దరూ ఒకే టేబుల్ దగ్గర పొద్దున్నే కాఫీ తాగారు. ఆయన పోయాక కూడా చాలా రోజులు ఆవిడ రెండు కప్పులు కడిగి బోర్లించేది. దాని మీద మాత్రం నేను హాస్యమాడను.

ఆర్డిస్‌కు ఒక పొగరు ఉంది. పశువుల ముద్రలు చూడదు. ఈ ప్రాంతంలో ప్రతి రాంచ్‌కూ ఒక ముద్ర ఉంటుంది, దూడగా ఉన్నప్పుడే కాల్చి వేస్తారు. మాది ఎడమ పక్కటెముకల మీద పార గుర్తు. తూర్పున మా పొరుగువాడు లెస్టర్ వానెక్‌ది కుడి తుంటి మీద గుర్రపునాడా, దాని కింద ఒక గీత. వేసవిలో మందలు కలిసిపోతే శరత్కాలంలో దొడ్లోకి తోలి, ఒక్కొక్కదాన్నే సందులోంచి పంపి, గేటు దగ్గర నిలబడ్డ మనిషి ముద్ర చూసి "మనది", "వాళ్లది" అని అరుస్తూ గేటు అటో ఇటో తిప్పాలి. మా గేటు దగ్గర నలభై ఏళ్లుగా ఆర్డిసే. ఆవిడ ముద్ర దాకా ఆగదు. ముట్టె కనిపించగానే గేటు తిరుగుతుంది. "మొహం చూసే కళ్లున్నప్పుడు తుంటి చూడటమేంట్రా అసహ్యంగా" అంటుంది. ఒక్కసారీ తప్పలేదు. మా దగ్గర ఆబోతులు కొనేవాళ్లు కూడా కాగితాల్లోని లెక్కలు చూసి కొనరు. "ఆర్డిస్, దీని సంగతేంటి?" అని అడిగి, ఆవిడ ఏం చెబితే దాన్ని బట్టి కొంటారు.

ఆ కొనేవాళ్లందరికీ ఏటా సెప్టెంబరు మొదటి శనివారం మా రాంచ్‌లో కస్టమర్ల విందు ఉంటుంది. పెద్దాయన పెట్టిన ఆచారం. ఆ రోజు అమ్మకం మాట ఎత్తకూడదు. రావాలి, తినాలి, మా ఆబోతుకు మీ మందలో పుట్టిన దూడ ఎంత బరువు తూగిందో మీరు కోతలు కోయాలి, మేం నమ్మాలి. నూట అరవై మంది వస్తారు. ఆర్డిస్ ఏడాదికి ఆ ఒక్క రోజే వంట చేస్తుంది. వంట అంటే ముందురోజే గుంతలో కట్టెలు కాల్చి, నిప్పుల మీద తడిగోనెల్లో చుట్టిన మాంసం పెట్టి మట్టి కప్పేయడం. పందొమ్మిదేళ్ల నాటి బిస్కెట్ల తర్వాత ఆవిడకు అప్పగించదగ్గ వంట అదొక్కటే.

ఇంకో ఆచారం కూడా ఉంది. ఆ రోజు తినే పశువు తోలును ముందు దొడ్డి పై కమ్మీ మీద ఆరేస్తాం, ముద్ర బయటికి కనిపించేలా. ఎందుకంటే ఈ ప్రాంతంలో ఎవరింటికి భోజనానికి వెళ్లినా "మా పశువు మాంసం భలే రుచిగా ఉందే" అనడం మర్యాద. నా మందలోంచి కొట్టుకొచ్చి నాకే పెడుతున్నావు కదా అని అర్థం. అందరూ నవ్వుతారు. అది హాస్యంగా ఉన్నంతసేపే నవ్వు. నిజంగా పొరుగువాడి పశువును తిన్నవాడి పేరు తరతరాలు పోదు. పడమటి వైపు ఒక కుటుంబం ఉంది. వాళ్ల ముత్తాత 1931 చలికాలంలో పక్కవాళ్ల పెయ్యను తిన్నాడు. మొన్న ఆయన మునిమనవరాలి పెళ్లి విందులో ఊరంతా చికెన్ మాత్రమే వడ్డించుకుంది.

లెస్టర్ మా కస్టమర్లందరిలో పాతవాడు. ముప్ఫై ఏళ్లుగా ఆబోతులన్నీ మా దగ్గరే. విందుకు అందరికంటే ముందు వస్తాడు. ముప్ఫై ఏళ్లుగా బండి దిగుతూనే అదే హాస్యం ఆడతాడు, ముప్ఫై ఏళ్లుగా తనే అందరికంటే గట్టిగా నవ్వుతాడు.

నాలుగేళ్ల కిందటి సంగతి. ఆ మే నెలలో పిడుగు పడి మాకూ లెస్టర్‌కూ మధ్య కంచె అర మైలు కాలిపోయింది. మందలు కలిసిపోయాయి. అక్టోబరులో విడదీసుకుందాంలే అనుకున్నాం. జూన్‌లో నేనూ ఆర్డిసూ తూర్పు బీడుకు వెళ్లి విందుకోసం ఒక కోడెను ఎంచాం. నిజానికి ఆవిడ ఎంచింది, నేను పక్కన ఉన్నాను. విత్తులు తీసిన రెండేళ్ల కోడె, బలంగా ఉంది. ఆవిడ దాని మొహం వైపు చూసి చిన్నపిల్లలా నవ్వింది.

"చూశావా ఆ సుడి? నుదుటి మీద ఎడమకు జరిగి ఉంది. అచ్చం మా ఒంటికొమ్ము ఆబోతు. వాడి రక్తం ఎక్కడున్నా నేను పట్టేస్తా. తోలు దాన్ని."

తోలుకొచ్చాం. మూడు నెలలు చిన్న దొడ్లో కట్టి దాణా పెట్టింది నేనే. రోజూ పొద్దున తొట్టి దగ్గర అది నా వైపు మొహం పెట్టి తినేది. తొట్టి దగ్గర ఏ పశువూ తుంటి చూపించదు కదా. ఎప్పుడైనా చూసే ఉంటాను. కానీ ఆర్డిస్ మనదని చెప్పాక మళ్లీ ముద్ర చూడటం అంటే, మిట్టమధ్యాహ్నం ఆరుబయట నిలబడి పగలా రాత్రా అని ఎవర్నైనా అడగడమే. ఆగస్టు చివర పట్నం నుంచి వచ్చిన కొత్త కసాయి దాన్ని కోసి, మాంసం చల్లగదిలో వేలాడదీసి, తోలుకు ఉప్పు పట్టించి, చుట్టచుట్టి షెడ్డులో పడేసి పోయాడు. అతనికి ముద్రల మీద ఆసక్తి లేదు.

విందు రోజు పొద్దున ఏడింటికి నేను ఆ తోలు తెచ్చి దొడ్డి ముందు పరిచి ఉప్పు దులిపాను. ఎడమ పక్క చూశాను. పార లేదు. బోర్లా వేశానేమో అని తిప్పాను. కుడి తుంటి మీద అరచేయంత గుర్రపునాడా, దాని కింద గీత.

ఒక చలికాలంలో నా నీడ మంచుకు అంటుకుపోయి, ఏప్రిల్ దాకా నీడ లేకుండా తిరిగానని నేను చెబుతుంటాను. అప్పుడు కూడా ఇంత చలి వేయలేదు.

ఆర్డిస్ గుంత దగ్గర ఉంది, మట్టి మీద చెయ్యి పెట్టి వేడి చూస్తోంది.

"ఆర్డిస్, ఒకసారి రండి."

"ఎందుకు?"

"తోలు."

"తోలు ఆరేయడం కూడా నేనే నేర్పాలా? ముద్ర బయటికి పెట్టి—"

"ముద్ర చూడండి ఒకసారి."

ఆవిడ నా మొహం చూసి ఇంకేమీ అడగకుండా వచ్చింది. తోలు మీది ముద్ర చూసింది. తర్వాత మోకాళ్ల మీద కూర్చుని తల భాగం తిప్పి, నుదుటి దగ్గర వెంట్రుకలు వేలితో దువ్వింది. సుడి ఉంది, ఎడమకు జరిగి. "మొహం అదే" అంది మెల్లగా. "మొహం అదేరా డ్యూయీ."

గేల్ టేబుళ్లు సర్దిస్తున్నాడు. వచ్చి చూసి టోపీ తీసి మళ్లీ పెట్టుకున్నాడు. మా గేల్ మంచివాడు, కంచె మీద వాలిన కాకిని కూడా క్షమించమని అడిగి తోలే రకం.

"సరే. సరే. కంగారు పడొద్దు. రేపు పొద్దున్నే నేను లెస్టర్ ఇంటికి వెళతాను, మన మందలో మంచి కోడెను తోలుకుని. అంతా చెబుతాను. కానీ ఇవాళ వద్దు ఆర్డిస్. నూట అరవై మంది ముందు వద్దు. ముద్రల ఇన్‌స్పెక్టరు రస్ కూడా వస్తున్నాడు."

నేను అంతకంటే తెలివైన ఉపాయం చెప్పాను. "పోయినేటి తోలు షెడ్డులో ఉంది. దాని మీద పార ఉంది. అది ఆరేద్దాం. ఎవడు పట్టుకుంటాడు?"

ఆర్డిస్ లేచి మోకాళ్లు దులుపుకుంది. "వచ్చేది పశువుల వాళ్లు. ఏడాది తోలుకూ పది రోజుల తోలుకూ తేడా తెలియనివాడు వాళ్లలో ఒక్కడూ లేడు, నువ్వు తప్ప" అంది నాతో. తర్వాత గేల్ వైపు తిరిగింది. "వీళ్లు నా మాట మీద ఆబోతులు కొంటారు. ఇవాళ ఇది దాచి నవ్వుతూ వడ్డించానంటే, రేపు తెలిశాక నలభై ఏళ్లు నేను చెప్పిందంతా ఇలాంటిదేనేమో అనుకుంటారు. అనుకోవాలి కూడా."

"అయితే ఏం చేద్దామంటావు?"

"లెస్టర్ వస్తాడు. చెబుతాను. తినండి అన్నాడా, గుంత తవ్వుతాను. వద్దన్నాడా, తవ్వను. అది వాడి కోడె."

"మరి జనం?" అన్నాడు గేల్.

"బీన్స్ ఉన్నాయిగా."

నూట అరవై మంది పశువుల కాపరులకు బీన్స్ మాత్రమే పెట్టి పంపిన రాంచ్ అని మా పేరు ఎన్ని తరాలు మోగుతుందో నేను లెక్కవేశాను. గేల్ కూడా అదే లెక్క వేస్తున్నాడని ఎర్రబడ్డ అతని చెవులు చూస్తే తెలిసింది.

ఆర్డిస్ రెండడుగులు వేసి ఆగింది. "ఇంకోటి. అక్టోబరులో గేటు దగ్గర వీణ్ణి నిలబెట్టు. నా కళ్లు అయిపోయాయి."

ఎవరైనా నన్ను పొగిడితే వారం రోజులు ఎత్తిన తల దించను. ఆ మాటకు మాత్రం దించేశాను. ఆవిడ ఆ తోలును తనే ఎత్తి, కమ్మీ మీద వేసి, కుడి తుంటి బయటికి కనిపించేలా చదును చేసింది.

పదింటికి లెస్టర్ బండి దుమ్ము లేపుకుంటూ వచ్చింది. డెబ్బై ఏళ్ల మనిషి, కొయ్యలా నిటారుగా ఉంటాడు, నవ్వితే మాత్రం మడతపడిపోతాడు. అప్పటికి పదిహేను ఇరవై మంది వచ్చి కాఫీ కప్పులు పట్టుకుని నిలబడ్డారు. అతను తలుపు తీస్తూనే ముక్కు ఎగబీల్చి, మామూలుగానే మొదలెట్టాడు.

"ఆర్డిసమ్మా! ఏం వాసన! ఏం వాసన! మా కోడెను భలే ఉడికించావే!"

అందరూ నవ్వారు. ఆర్డిస్ నవ్వలేదు.

"అవును లెస్టర్. మీ కోడే."

లెస్టర్ పగలబడి నవ్వాడు. ముప్ఫై ఏళ్లుగా ఆవిడ దానికి "నోర్ముయ్ లెస్టర్" అని తప్ప ఇంకోమాట చెప్పలేదు. "విన్నారా? విన్నారా? చివరికి ఒప్పుకుంది! ముప్ఫై ఏళ్లు పట్టింది!"

"నేను నిజం చెబుతున్నాను. అది మీ కోడె. పొరపాటున కోశాం."

జనం ఇంకా గట్టిగా నవ్వారు. ఒకామె కాఫీ ఒలకబోసుకుంది. లెస్టర్ బండి తలుపు పట్టుకుని కళ్లు తుడుచుకుంటున్నాడు. "అబ్బ, మొహం చూడండి ఎంత గంభీరంగా పెట్టిందో! నువ్వు నాటకాల్లో చేరాల్సిందమ్మా!"

"ఒరే లెస్టర్, చెబుతుంటే అర్థం కావట్లా?"

"అర్థమైంది, అర్థమైంది, ముప్ఫై ఏళ్లుగా నేను చెబుతున్నదే కదా!"

నిజం చెప్పడం ఇంత కష్టమని నాకు ఆ రోజే తెలిసింది. అబద్ధాలు చెప్పేటప్పుడు నన్ను అందరూ ఇట్టే నమ్మేస్తారు. ఇక లాభం లేదని ఆర్డిస్ అతని చొక్కా మోచేతి దగ్గర పట్టుకుని, కోర్టుకు ఈడ్చుకుపోయినట్టు దొడ్డి దాకా నడిపించింది. జనం నవ్వుకుంటూ వెనకాలే వచ్చారు. తోలు ముందు నిలబెట్టింది.

లెస్టర్ నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. మెల్లమెల్లగా తగ్గింది. ముందుకు వంగి గుర్రపునాడా మీద బొటనవేలు పెట్టి, గీత వెంట నడిపించాడు. వెనక నవ్వులు కూడా అణిగిపోయాయి. కాఫీ కప్పులు పట్టుకున్నవాళ్లు వాటిలోకి చూసుకుంటున్నారు.

"నేనే ఎంచాను" అంది ఆర్డిస్. "ముద్ర చూడలేదు. గేల్‌ది గానీ డ్యూయీది గానీ ఏమీ లేదు ఇందులో. మాంసం గుంతలో ఉంది. ఇంకా తవ్వలేదు. నువ్వు తవ్వమంటే తవ్వుతా. వద్దంటే మట్టి అలాగే ఉంచుతా. ఏదైనా నువ్వు చెప్పాలి."

"ముద్ర చూడలేదు, సరే" అన్నాడు లెస్టర్ తిరక్కుండానే. "మరి ఏం చూసి మీదనుకున్నావు?"

"మొహం."

"మొహంలో ఏం చూశావు?"

ఆవిడ తల భాగం తిప్పి సుడి చూపించింది. "మా ఒంటికొమ్ము ఆబోతును చూశాను. వాడే అనుకున్నాను."

లెస్టర్ ఆ సుడి మీద వేలు పెట్టి చూశాడు. టోపీ వెనక్కి తోశాడు. "ఒంటికొమ్మువాణ్ణి నాకు అమ్మేటప్పుడు నువ్వేమన్నావో గుర్తుందా?"

"లేదు."

"వీడి మొహం నాలుగు తరాలు పోదు అన్నావు. నేను మా ఆవిడతో చెప్పా, ఆర్డిస్ కూడా సరుకు అంటగట్టడం నేర్చిందే అని. పదమూడేళ్లయింది." వేళ్ల మీద లెక్కపెట్టాడు. "ఇది వాడి మనవరాలి కొడుకు. నాలుగోతరం."

ఆర్డిస్ వంగి ఆ సుడిని మళ్లీ చూసింది.

"నీ కళ్లకేం జబ్బు చేయలేదు. నువ్వు పట్టింది కరెక్టే, వాడి వంశమే. ఎవరింట్లో పెరిగాడో అదొక్కటే తప్పుగా పట్టావు."

"తప్పు తప్పే."

"తప్పే. నేను ఒప్పేనంటున్నానా?" లెస్టర్ జనం వైపు తిరిగాడు. గొంతు సవరించుకున్నాడు. అతని మొహంలోకి ఏదో దొంగ వెలుగు వచ్చింది, అది నాకు బాగా తెలిసిన వెలుగు. "అంటే గేల్, ఇవాళ పెట్టే మాంసం నాది."

"అవును లెస్టర్, నేను రేపు పొద్దున్నే—"

"ఆగు. మాంసం నాదైతే విందు ఎవరిది?"

గేల్ మళ్లీ టోపీ తీశాడు.

"నాది! ఆర్డిస్, తవ్వు గుంత! ఆ ఏప్రాన్ ఇటు తే. అయ్యా, అమ్మా, అందరూ వినండి. మీరంతా ఇవాళ వానెక్ వాళ్ల అతిథులు. ఈ ఆస్టర్‌గార్డ్‌లు బీన్స్ తెచ్చారు, పోనీలే, వాళ్లను కూడా కూర్చోనిద్దాం!"

ఇక ఆ రోజు మధ్యాహ్నం గురించి చెప్పాలంటే నా దగ్గర ఉన్న కోతలు చాలవు. లెస్టర్ ఏప్రాన్ కట్టుకుని, పెద్ద కత్తి పట్టుకుని, వడ్డించే టేబుల్ వెనక నిలబడ్డాడు. ప్రతి ప్లేటుకూ ఒక ఉపన్యాసం. "తినండి, మొహమాట పడొద్దు, మా ఇల్లే అనుకోండి." "మీరు ఆబోతులు ఎక్కడ కొంటారు? ఆస్టర్‌గార్డ్ దగ్గరా? పాపం, మంచివాళ్లే, కాకపోతే పక్కింటి కోడె లేకుండా వంట చేయలేరు." గేల్ వరసలో ప్లేటు పట్టుకుని తన వంతు కోసం నిలబడాల్సి వచ్చింది. సొంత రాంచ్‌లో అతనికి దొరికింది చివరి ముక్క. ఆ మాంసం ఎంత మెత్తగా ఉందంటే, మా పాత కస్టమరు ముసలి బిల్ కట్టుడుపళ్లు తీసి టేబుల్ మీద పెట్టి తిన్నాడు, తర్వాత అవి ఉన్న సంగతే మరిచి వెళ్లిపోయాడు. మంగళవారం పోస్టులో పంపాం.

దొంగ పశువుల మీద కేసులు రాసే ముద్రల ఇన్‌స్పెక్టరు రస్ రెండు ముక్కలున్న ప్లేటు పట్టుకుని తోలు ముందు ఆగాడు. తోలు చూశాడు, ప్లేటు చూశాడు, లెస్టర్‌ను చూశాడు.

"లెస్టర్, ఈ తోలు నీది."

"నాదే."

"మరి నేను తింటున్నది?"

"నాదే. చల్లారనివ్వకు."

"కాగితం ఉందా?"

లెస్టర్ ఒక కాగితపు ప్లేటు తీసుకుని, నా చెవి మీద ఉన్న పెన్సిల్ లాక్కుని రాశాడు: ఈ కోడెను ఆర్డిస్ పొకోర్నీకి ఇష్టపూర్వకంగా ఇచ్చాను. నేనూ తిన్నాను. ఉప్పు కొంచెం తక్కువ. కింద సంతకం. రస్ దాన్ని రెండుసార్లు చదివి, నాలుగు మడతలు పెట్టి, చొక్కా జేబులో పెట్టుకుని, రెండో ముక్క తిన్నాడు. ఆ ప్లేటును ఫ్రేము కట్టించి ఆఫీసు గోడకు తగిలించాడని నేను చెబుతుంటాను. లేదని రస్ అంటాడు. ఆఫీసులోకి ఎవర్నీ రానివ్వడు కాబట్టి నా మాటే నిలిచింది.

నవ్వులన్నీ అయ్యాయి గానీ ఆర్డిస్ మాత్రం తినలేదు. అందరూ దూడల్ని చూడటానికి వెళ్లాక గుంత పక్కన కూర్చుని పారతో మట్టి కదుపుతూ ఉంది. లెస్టర్ రెండు ప్లేట్లలో యాపిల్ పై అనే తీపి రొట్టె ముక్కలు తీసుకుని వెళ్లి పక్కన కూలబడ్డాడు. నేను గోనెలు మడతపెట్టే నెపంతో వినగలిగినంత దగ్గరలో ఉన్నాను.

"డ్యూయీని గేటు దగ్గర పెట్టమన్నావంట."

"ఎవరు చెప్పారు?"

"గేల్. ఆ పిల్లోడి కంటికి మా ఆవిడ పసుపు కారు కూడా మీ ఆవులాగే కనిపిస్తుంది."

నేను దగ్గాను. వాళ్లు పట్టించుకోలేదు.

"నీ కోడెను చంపాను లెస్టర్."

"వాడు ఎలాగూ ఎవరి ప్లేటులోకో పోవాల్సినవాడే. కాస్త త్వరగా వెళ్లాడు. దానికి నేను ఏడవను. నువ్వు గేటు దగ్గర లేకపోతే మాత్రం అక్టోబరులో నా ఆవుల్ని తీసుకెళ్లను. మీ దొడ్లోనే ఉండనీ. దాణా మీరే పెట్టుకోండి."

"బెదిరిస్తున్నావా?"

"ఆ."

"ఆ యాపిల్ పై తిను. నోట్లో ఏదన్నా ఉంటే తప్ప ఊరుకోవు."

వస్తానని ఆవిడ అనలేదు. వెంటనే ఒప్పుకుంటే ఆవిడ ఆర్డిసే కాదు.

అక్టోబరు రెండో గురువారం మంచు పడింది. మందను తూర్పు బీడు నుంచి తోలుకొచ్చి సందు మొదట నిలిపాం. గేల్ నన్ను గేటు దగ్గర నిలబెట్టాడు. ఆర్డిస్ వెనక గుర్రం మీద ఉంది, పైకి చూడకుండా తాడు సర్దుకుంటోంది. లెస్టర్ కమ్మీ మీద కాళ్లు వేలాడేసుకుని కూర్చున్నాడు.

"వదలండి!" అన్నాడు గేల్.

"వదలొద్దు" అన్నాడు లెస్టర్. "నాకేం తొందర లేదు."

మూడు వందల పశువులు ఊపిరి వదులుతుంటే ఆ ఆవిరికి దొడ్డి కనిపించకుండా పోయింది. పదిహేను నిమిషాలు ఎవరూ కదల్లేదు. నాకు కాళ్లు గడ్డకట్టాయి. చివరికి జీను కిర్రుమన్న చప్పుడు వినిపించింది. ఆర్డిస్ దిగి వచ్చి, నన్ను మోచేత్తో పక్కకు నెట్టి, గేటు గొలుసు చేతికి చుట్టుకుంది.

"చలికి పశువులు చస్తాయి మీ ఇద్దరి మూర్ఖత్వానికి. పంపండి."

మొదటి ఆవు వచ్చింది. ఆర్డిస్ దాని మొహం చూసింది. ఆవు తన ముందుకు వచ్చేదాకా ఆగి, తుంటి చూసి, అప్పుడు "వాళ్లది" అంది. రెండోది వచ్చింది. మళ్లీ ఆగింది. "మనది." అలా ఓ నలభై పశువులు. గేల్ వాచీ చూసుకున్నాడు. లెస్టర్ ఏమీ అనలేదు, అది అతని జీవితంలో మొదటిసారి. ఆ తర్వాత ఎప్పుడో, ఎన్నోదానికో నేను సరిగ్గా చెప్పలేను, ముట్టె కనిపించగానే గేటు తిరిగింది. ఆర్డిస్ కూడా అది గమనించినట్టు లేదు. తుంటి వైపు మాత్రం ఇప్పటికీ చూస్తూనే ఉంది, కాకపోతే గేటు తిప్పాక.

మధ్యాహ్నానికి అయిపోయింది. లెస్టర్ తన వైపు దొడ్లోకి దిగి ఒక్కొక్క ముద్రా చూసుకుంటూ చివరిదాకా తిరిగాడు. ఆ చివరే మా వైపు తిరిగి నిలబడ్డాడు, మొహం వేలాడేసుకుని.

"ఆర్డిస్, ఒకటి మీది ఉంది నా దాంట్లో."

ఆవిడ మొహం పాలిపోయింది. గొలుసు చేతిలోంచి జారింది. "ఏది?"

"అదే చూస్తున్నా" అని లెస్టర్ వెనక్కి తిరిగి మందనంతా మరోసారి చూసి, "లేదులే. ఒక్కటీ లేదు" అన్నాడు.

ఆర్డిస్ చేతికున్న తడిసిన తోలు గ్లవ్ తీసి విసిరింది. అది దొడ్డి ఈ చివర నుంచి ఆ చివరకు వెళ్లి, లెస్టర్ నవ్వడానికి నోరు తెరుస్తుండగా సరిగ్గా మూతి మీద తగిలింది. నలభై అడుగులని నేనంటాను. ఇరవై అని లెస్టర్ అంటాడు. తగిలింది అతనికే కాబట్టి దూరం కొలిచే తీరిక అతనికి ఉండి ఉండదు.